కొసన నిలబడిన ముత్తక్క

సిరొంచలో పెళ్ళంటే ఫొటోలకు అజయ్‌కుమార్‌నే పిలుస్తారు. ఊరందరి ముఖాలూ అతని కంప్యూటర్‌లో ఉన్నాయి, కన్నతల్లి ముఖం ఒక్కటి తప్ప. కెమెరా ఎత్తితే చాలు, ముత్తక్క కొంగు అడ్డం పెట్టుకునేది. భర్త పోయినదాన్ని, శుభకార్యాల ఫొటోల్లో నిలబడకూడదని ఆమె పట్టు. ఎవరూ కాదనలేదు. ఇలాంటివి కాదనడానికి మనవాళ్ళకు నోరు పెగలదు.

2008 వేసవిలో చెల్లెలు తిరుమల పెళ్ళికి అజయ్‌ ఒక ఉపాయం పన్నాడు. ఉన్నచోటే నిలబడి కెమెరా తిప్పుతూ ముక్కలుగా తీసి, కంప్యూటర్‌లో అతికిస్తే పందిరి మొత్తం ఒకే పొడుగు ఫొటోలో వస్తుంది.

"అవ్వా, నువ్వు గా కొసకు నిలబడు. పిల్లకు దూరమే ఉంటవు, ఫొటోల గూడ ఉంటవు," అని తల్లిని బతిమాలాడు.

ఆమె నిలబడింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. అలాంటి ఫొటోలు పద్నాలుగు తీశాడు, అన్నిట్లోనూ కొసన ముత్తక్క ఉంది.

పొడుగు ఫొటోల్లో పందిరి గుంజలు వంకరగా వస్తాయి. వాటిని చదును చేసి, అంచులు కోసి, ఆల్బం కొలతకు మార్చాలి. గడ్చిరోలిలో కంప్యూటర్లు నేర్పే స్నేహితుడు సిద్ధార్థ్ అందుకు రెండు ప్రోగ్రాములు సీడీలో ఇచ్చాడు. ఒకటి మౌస్‌తో నడిచేది. ఒక్కో ఫొటోను తెర మీద చూస్తూ, ఎక్కడ కోయాలో గీత జరుపుకోవచ్చు. రెండోది నల్ల తెర మీద కమాండ్ టైపు చేసేది. కొలత ఒక్కసారి చెబితే ఫొటోలన్నిటినీ తనే మార్చేస్తుంది, ఏ ఒక్కటీ చూపించదు.

"పద్నాలుగే గద, మౌస్‌తోనే చెయ్‌. కండ్లతోని సూసుకుంట కోస్తవు," అన్నాడు సిద్ధార్థ్.

అజయ్‌ చెవికెక్కించుకోలేదు. కమాండ్లు వచ్చినవాడు తాలూకాలో తానొక్కడేనని గర్వం. పైగా పొద్దున బస్సుకే ఫొటోలు ప్రింటుకు పంపాలి. ఒక ఫొటోలో కొత్త జంటను మాత్రమే చూసుకుని కోసే కొలత సరిచేసి, అదే అన్నిటికీ టైపు చేశాడు. డిస్కులో చోటు లేదని, మార్చగానే అసలువి చెరిపేయమని కూడా చేర్చాడు. టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. ఆల్బంలో తిరుమల కళకళలాడింది. అమ్మ లేదన్న సంగతి అతనికి తట్టనే లేదు. దానికి ఏ సాకూ చెల్లదు.

మరుసటి వానాకాలం జ్వరం వచ్చి ముత్తక్క అయిదు రోజుల్లో పోయింది. దినాలకు దండ వేయడానికి ఫొటో కావాలి. ఓటరు కార్డులో ఉన్నది నల్లటి మరక. అజయ్‌ పొడుగు ఫొటోలు ఒక్కొక్కటే తెరిచాడు. ప్రతిదీ అమ్మ దగ్గరికి వచ్చేలోపే ఆగిపోయింది. ఒక్కదాంట్లో మాత్రం గాజుల్లేని చెయ్యి, మోచేతి దాకా మిగిలింది. అది చూసి వలవల ఏడ్చాడు.

తిరుమల వెనకే నిలబడి ఉంది.

"అన్నా, నువ్వు కావాలనే కోసినవనుకున్నది అవ్వ," అంది.

"ఏంది?"

"ఆల్బం రెండుమాట్ల తిరగేసింది. నువ్వు లేవేందే అని నేనే అడిగిన. 'మీ అన్న తెలివిగలోడు బిడ్డా, మొగడు లేనిదాని మొఖం నీ పెండ్లి ఆల్బంల ఉండొద్దని తీసేసిండు, మంచిగ జేసిండు, వానినేం అడగకు' అన్నది. కండ్లు తుడుసుకున్నది."

"సూడలే అవ్వా, నేను సూడనే లేదు," అన్నాడు అజయ్‌.

ఆ మాట వినవలసిన మనిషి పోయి అప్పటికి తొమ్మిది రోజులు.