జిరాక్సు పిన్ని చీటీలు

కాలేజీ వెనక గేటు దగ్గర, సైకిళ్ల షెడ్డుకీ ప్రహరీగోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది జిరాక్సు పిన్ని గది. రెండు మెషిన్లు, ఒక స్టూలు, ఆవిడా పడితే ఇక చీమ దూరడానికి కూడా చోటుండదు. ఎండైనా వానైనా పిల్లలు బయట నిలబడి కిటికీలోంచి కాగితాలు అందించాల్సిందే. పిన్ని అన్న పిలుపు కూడా ఆవిడ పట్టుబట్టి సాధించుకున్నది. ఎప్పుడో ఒక పిల్లాడు ఆంటీ అన్నందుకు, నేనేమన్నా మీ పక్కవాటాలో అద్దెకుంటున్నానా అని అడిగి, వాడి మొహాన కిటికీ రెక్క వేసేసింది.

ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది. కాగితాలు నలిగితే కోపం, పిన్నులు తియ్యకుండా ఇస్తే కోపం, అర్జెంటు అంటే మరీ కోపం. అర్జెంటైతే నిన్న రావలసింది అంటుంది. అయినా ముందు గేటు దగ్గరున్న మూడు పెద్ద షాపులూ వదిలేసి అందరూ ఇక్కడికే ఎందుకొస్తారంటే, ఈవిడ చదవదు కాబట్టి. చదువు రాక కాదు. ఇరవై రెండేళ్ల క్రితం ఆవిడకి పని నేర్పిన పాత యజమాని మొదటి రోజే చెప్పాడు: కాగితం గాజు మీద బోర్లా పెట్టు, మూత వెయ్యి, మీట నొక్కు, దాంట్లో ఏముందో నీకక్కర్లేదు. ఆ మాటని ఆవిడ ఒట్టులా పెట్టుకుంది. విడాకుల కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, ప్రేమలేఖలు, ఆఖరికి పరీక్ష పేపర్లు కూడా ఆ కిటికీలోంచి వచ్చి వెళ్లాయి. ఒక్క ముక్క బయటికి పొక్కలేదు. ఈ విషయంలో ఆవిడకి గర్వం కూడా ఉంది, లేదంటే అబద్ధమే.

ఇక చీటీల సంగతి. ఏటా కొత్తగా చేరిన పిల్లలు మొదటి నెలలో బిక్కమొహాలేసుకుని వస్తారు. ఎక్కడ తినాలో తెలియదు, ఎక్కడ కూర్చోవాలో తెలియదు. మెయిన్ రోడ్డు హోటళ్లలో కూర్చున్న అయిదు నిమిషాలకే లేవమంటారు. వాళ్ల వాలకం చూస్తే పిన్నికి ఒళ్లు మండుతుంది, జాలి కూడా వేస్తుంది. పాడైన కాగితం ముక్క తీసి దాని వెనక ఒకటో రెండో చోట్లు రాసి ఇస్తుంది. అందరికీ ఒకటే కాదు. చదరంగం పిచ్చి ఉన్నవాడికి మార్కెట్ వెనక మేడ మీది దర్జీ గది. అక్కడ దర్జీ బట్టలు కుడుతూనే ఎత్తులు చెబుతాడు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడికి గూడ్స్ యార్డు మీది పాత నడకవంతెన. రైళ్లు చూస్తూ ఎంతసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు. మొక్కల ధ్యాస ఉన్న పిల్లకి నీళ్ల ట్యాంకు పక్కన నర్సరీ. వాగుడుకాయలకి బస్సు డిపో టీ బండి, అక్కడ ఎంత అరిచినా హారన్ల మోతలో వినపడదు.

ఏ చోటికి ఎంతమందిని పంపిందో లెక్క ఆవిడ బుర్రలో ఉంటుంది. వారానికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఆ దర్జీకీ నర్సరీ తోటమాలికీ ఆవిడ మాట ఇచ్చింది: నా చీటీతో వచ్చేవాడు మీకు బరువు కాడు. మంద వచ్చిందంటే అది ఇక చోటు కాదు, సంత అని ఆవిడ నమ్మకం.

అన్నింట్లోకీ జాగ్రత్తగా రాసే చీటీ మాత్రం ఒకటుంది. పాత అచ్చాఫీసు సందు, మూడో గుమ్మం, పచ్చ తలుపు. మధ్యాహ్నం భోజనం. రెండు బల్లలు, ఎనిమిది మంది. మెల్లగా మాట్లాడాలి.

ఆ పచ్చ తలుపు ఆవిడ సొంత చెల్లెలిది. అక్కాచెల్లెళ్లకి మాటల్లేక పదకొండేళ్లు. ఏమంత పెద్ద గొడవని అడిగితే చెప్పుకోవడానికే సిగ్గు. చెల్లెలు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కుర్రాణ్ణి చేసుకుంటానన్నప్పుడు, ఆ ఉద్యోగం నిలవదు, వాణ్ణి నమ్ముకుంటే రోడ్డున పడతావని అక్క చెవినిల్లు కట్టుకుని పోరింది. చెల్లెలు వినలేదు. కొన్నేళ్లకి అచ్చాఫీసు మూసేశారు. ఆ దిగులుతోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి వరండాలో చెల్లెలు అక్క భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, ఈవిడ నోరు ఊరుకోలేదు. నేను అప్పుడే చెప్పానా అంది. చెల్లెలు తల తీసేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన్ని వెనకగదిలో మంచమ్మీద పడుకోబెట్టి, ముందుగదిలో భోజనాలు పెట్టడం మొదలుపెట్టిందని తెలిసి, అక్క పిల్లల్ని పంపడం మొదలుపెట్టింది.

నెమ్మదైన పిల్లల్నే ఏరి పంపేది. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఆయన కంగారు పడతాడని ఎవరో చెప్పారు. చెల్లెలు చీటీ తీసుకుని, చేతిరాత చూసి, మాట్లాడకుండా కంచం పెట్టేదట. తినివచ్చినవాణ్ణి పిన్ని డొంకతిరుగుడుగా అడిగేది, కూర ఎలా ఉందిరా, వడ్డించినావిడ కాస్త ఒళ్లు చేసిందా, నీరసంగా ఉందా అని. ఆ రెండిళ్ల మధ్యా మిగిలిన దారి ఆ చీటీ ఒక్కటే. అదీ తెగిపోతే తనకి తోబుట్టువనేది ఉండదని ఆవిడకి బాగా తెలుసు.

ఆ సోమవారం పొద్దున పది గంటలకి దర్జీ ఫోన్ చేశాడు. మెట్ల మీద ముప్పైమంది కూర్చున్నారు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు పైకి ఎక్కలేకపోతున్నారు, ఇదేం న్యాయమమ్మా అని నిష్ఠూరంగా అడిగాడు. పోయినవారమంతా నేను పంపింది ఒక్కణ్ణేనని ఈవిడ ఒంటికాలి మీద లేచింది. ఆ ఫోన్ పెట్టగానే నర్సరీ తోటమాలి. మొలకల మడి తొక్కేశారు, గేటుకి తాళం వేశాను, ఇక ఎవర్నీ పంపకు అన్నాడు. ఎవడో తన పేరు చెప్పుకుని తిరుగుతున్నాడు, వాడు కనపడితే తోలు వలిచేస్తాననుకుంది పిన్ని.

అంతలో ఒక పొడుగాటి కుర్రాడు కిటికీలోకి తల పెట్టి, పిన్నీ, ఈ పచ్చ తలుపు ఎటు వెళ్లాలి అని అడిగాడు. వాడి చేతిలో రెండు వైపులా కాపీ తీసిన కాగితం ఉంది. లాక్కుని చూసింది. పైన పెద్ద అక్షరాలతో కొత్త విద్యార్థులకు స్వాగతం, ఊళ్లో ఎవరికీ తెలియని పద్దెనిమిది చోట్లు అని ఉంది. కింద వరసగా అంటించినవన్నీ చీటీలు. ఏళ్ల తరబడి ఎవరెవరికో రాసిచ్చిన చీటీలు, అన్నీ తన చేతిరాతే.

అంతకన్నా ఘోరం కాగితం ఎడమ అంచున కనపడింది, పైనుంచి కిందిదాకా సన్నటి బూడిదరంగు గీత. ఆ గీత ఆవిడ రెండో మెషిన్ పెట్టేది. బాగుచేయించాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నది. శుక్రవారం సాయంత్రం సెకండియర్ కళ్లద్దాల పిల్ల రెండు కాగితాలిచ్చి మూడొందల కాపీలు అడిగింది. తను బోర్లా పెట్టింది, మూత వేసింది, మీట నొక్కింది. తన చేతిరాతని తన చేత్తోనే మూడొందలసార్లు అచ్చుకొట్టి, పైగా అంచులు సరిచేసి, రబ్బరుబ్యాండు వేసి మరీ ఇచ్చింది.

కబురు పెడితే కళ్లద్దాల పిల్ల నవ్వుకుంటూ వచ్చింది. సీనియర్లందరి దగ్గరా అడిగి చీటీలు పోగుచేశానని, ఇన్నేళ్లుగా పిన్ని చేస్తున్న మేలు అందరికీ తెలియాలనుకున్నానని చెప్పింది. పిన్ని మొహం చూశాక ఆ పిల్ల నవ్వు పోయింది.

"ఒక్క మాట నాతో చెప్పాలని తోచలేదా నీకు?"

"చెప్పేదేముంది పిన్నీ. కాపీలు తీసింది మీరే కదా. చూసి, బాగుందనే ఊరుకున్నారనుకున్నాను."

ఇరవై రెండేళ్లుగా చదవనని చెప్పుకుని మురిసిపోయిన మనిషిని, ఎందుకు చదవలేదని ఒక పిల్ల అడిగినట్టయింది. తిట్టడానికి ఇంతమంది ఉండి, ఏ ఒక్కర్నీ తిట్టే వీల్లేకుండా పోయిందే అని ఆవిడకి ఉక్రోషం. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టేసరికి, చాల్లే, వెళ్లి క్లాసులో కూర్చో అని కసిరి, పట్టపగలు షాపు మూసేసి బయల్దేరింది.

పాత అచ్చాఫీసు సందు మొదట్లోనే నవ్వులు వినిపించాయి. అరవైమందికి తక్కువ లేరు. పక్కింటి అరుగు మీద కొందరు, ఎవరిదో స్కూటరు మీద ఇద్దరు, అందరి చేతుల్లోనూ ఆ బూడిదగీత కాగితం. ఎదురింటాయన పోలీసుల్ని పిలుస్తానని అరుస్తున్నాడు. పచ్చ తలుపు మూసి ఉంది. పిన్ని కనపడ్డ ప్రతివాడి చేతిలో కాగితమూ లాక్కుంది. ఇక్కడ భోజనం లేదు, గీజనం లేదు, పొండి అంది. వాళ్లు నవ్వుతూనే కదిలారు. పాపం వాళ్ల తప్పు మాత్రం ఏముంది, రమ్మని రాసింది ఈవిడే కదా.

సందు ఖాళీ అయ్యాక తలుపు తట్టింది. ఇంకా ఎవర్రా అని లోపలినుంచి గొంతు వినపడింది. నేనే అంది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

చెల్లెలి జుట్టు సగానికి పైగా నెరిసిపోయి ఉంది. ఆ సంగతి ఏ పిల్లాడూ చెప్పలేదు. వెనకగదిలో మంచమ్మీద ఆయన, నుదుటికి కట్టు. బయట గోల విని ఎవరో తన పెళ్లాంతో గొడవపడుతున్నారనుకుని, అడ్డుపడదామని లేచి రాబోయి గడప మీద పడ్డాడట. పక్కవీధి కాంపౌండరు వచ్చి మూడు కుట్లు వేసి వెళ్లాడు. ఇదంతా చెల్లెలు కందిన మొహంతో గోడని చూస్తూ చెప్పింది.

పిన్ని తన గోడు మొదలుపెట్టింది. నేను పంపలేదే, ఒక పిల్ల చేసిన పని, కాపీలు తీసింది నేనేగానీ చూడలేదు, నాకు చదివే అలవాటు లేదు, నీకు తెలుసుగా అంది.

"తెలుసు. నువ్వెప్పుడు చూశావని?" అంది చెల్లెలు. "పదకొండేళ్లలో ఎంతమంది పిల్లల్ని పంపావో నీకు లెక్కుందిగా. ప్రతి చీటీకీ, రేపు తనే వస్తుందిలే అనుకునేదాన్ని. తిన్న ప్రతివాణ్ణీ అడిగేదాన్ని, మీ జిరాక్సు పిన్నికి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి, దగ్గు తగ్గిందా అని. నేనడిగానని చెప్పొద్దని ఒట్టేయించుకునేదాన్ని. నాకు కావలసింది గిరాకీ అనుకున్నావా?"

పిన్ని డొంకతిరుగుడుగా ప్రశ్నలడుగుతున్నప్పుడు ఆ వెధవలంతా అమాయకంగా మొహాలు పెట్టి నిలబడ్డారంటే, ఇక్కడ ఒట్టేసి వచ్చారన్నమాట. రెండు వైపులా అడిగించుకుని ఒక్కడూ నోరు విప్పలేదు. చెబితే ఏం పోయింది వాళ్ల సొమ్ము అని ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆ రోజు ఆ మాట అనాల్సింది కాదు," అంది చివరికి. "అన్న క్షణమే తెలిసింది నాకు."

"తెలిస్తే సరిపోతుందా? వచ్చి చెప్పాలి. నువ్వు నా గడప తొక్కడానికి అరవైమంది వచ్చి మీద పడాల్సొచ్చింది, ఆయన తల పగలాల్సొచ్చింది. అయినా ఆ మాట నన్నన్నది కాదుగా, ఆయన్ని అన్నది. ఎవర్నన్నావో వాళ్లకి చెప్పు."

పిన్ని వెనకగదిలోకి వెళ్లింది. మంచం పక్కన నిలబడింది. ఆయనే ముందు తల తిప్పాడు. మనిషిని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత, పక్కకి లాగేసిన మూతితో, ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ అడిగాడు.

"వదినా... భోంచేశారా?"

ఆవిడ మంచం పట్టె పట్టుకుని కింద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాదే తప్పు, నేనే తప్పు మాట అన్నాను అని ఎన్నిసార్లందో ఆవిడకే తెలియదు. ఆయన కదిలే చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపాడు.

తిరిగి ముందుగదిలోకి వచ్చేసరికి చెల్లెలు ఒక బల్ల తుడిచి, ఒక్క కంచం పెట్టి, వడ్డిస్తోంది. ఎనిమిది మందికి వండింది వండినట్టే ఉంది. అక్క మొహం వైపు చూడలేదు.

"తిని వెళ్లు," అంది. "రేపట్నుంచి ఈ బల్లలుండవు. ఆయన ఇక తట్టుకోలేరు. పిల్లలదేముంది, వాళ్లు వేరే చోటు చూసుకుంటారు. నువ్వు మాత్రం ఇక రావాలంటే నువ్వే రావాలి."