ఎండెక్కితే లేస్తాడు

మోకాళ్ల నొప్పులకని హిందూపురంలో డాక్టరు రాసిచ్చిన మాత్రల అట్ట మొన్న మందుల షాపులో నా చేతికొచ్చింది. కళ్లజోడు సర్దుకుని పేరు చదివి, అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. షాపతను కంగారుపడి నీళ్లు కావాలా అని అడిగాడు. డైక్లోఫెనాక్ అన్న ఆ పేరు నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట మా నాయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే మాత్ర అది. అది వేసుకునే ఆయన పెనుకొండలో కొండెక్కేవాడు. దేవుడి కోసమని ఊరంతా అనుకునేది గాని, ఆయన ఎక్కింది గద్దల కోసం. గద్ద, డేగ, గరుడ పక్షి, వేటాడి తినేది ఏదైనా సరే, మా నాయనకు దగ్గరి చుట్టమే.

నాయన ధర్మవరం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. రోజూ పెనుకొండ నుంచి ప్యాసింజరులో పోయి వచ్చేవాడు. కిటికీ సీటు దొరకలేదంటే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మంచి మాట ఉండేది కాదు. ఆదివారం వస్తే దుర్భిణి మెడలో వేసుకుని నన్ను వెంటబెట్టుకుని కొండ దారి పట్టేవాడు. అవి తొంభైల మొదటి ఏళ్లు, నేను డిగ్రీలో ఉన్నాను. పెళ్లి కావలసిన పిల్లను బండల మీద ఎండబెట్టి నల్లగా చేస్తున్నాడని అమ్మ సణిగేది. నాయన పాఠం ఎప్పుడూ ఒకటే. "రంగు మోసం చేస్తాది పాపా, ముందు తోక చూడు." తోక చీలి ఉంటే ఊరి గద్ద. తోక గుండ్రంగా, తల తెల్లగా, ఒళ్లు ఇటుక రంగుగా ఉంటే గరుడ పక్షి, దానికి మాత్రం దుర్భిణి దించి చెంపలేసుకోవాలి. గాలిలో ఒకేచోట నిలబడి కిందికి చూస్తుంటే పాముల గద్ద. ఇవేవీ కాకుండా, తలుపు చెక్కల్లాంటి వెడల్పు రెక్కలు, వాటి కొసల్లో వేళ్లలా విడివడిన ఈకలు, పొట్టి తోక, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా గాలి మీదే పైపైకి పోయే ఆ తీరు కనిపిస్తే అది రాబందు. నాయన ప్రాణమంతా దాని మీదే.

కానీ ఆ మాట మా ఇంట్లో నోట రాకూడదు. ఆ పక్షి వాలిన ఇల్లు పాడుబెట్టి పోవాలని నమ్మే మనిషి మా అవ్వ. ఒకరోజు నాయన అన్నం తింటూ దాని పేరెత్తితే అవ్వ వడ్డించే గరిటె కింద పెట్టేసింది. "అన్నం కాడ ఆ పేరేందిరా" అంది. ఆనాటి నుంచి నాయన దానికి పెద్దాయన అని పేరు పెట్టాడు. ఆ పేరుతో అవ్వకు ఏ పేచీ లేదు, ఆదివారం సాయంత్రం తనే వాకిట్లో కూర్చుని పెద్దాయన వచ్చినాడా అని అడిగేది. చిక్కంతా బయటివాళ్లకే. నా పెళ్లిచూపులకు హిందూపురం నుంచి వచ్చినవాళ్లు కాఫీ తాగుతుంటే, నాయన మాటల ఊపులో, పెద్దాయన నిన్న ఊరి బయట చచ్చిన బర్రె కాడ కూర్చుని కడుపునిండా తిన్నాడని చెప్పాడు. మా మామగారు గ్లాసు కింద పెట్టేశారు. మా తాతకు మతి చెడిందనుకున్నారట. ఆ సంబంధం ఎలా కుదిరిందో ఆ దేవుడికే తెలియాలి. మా అత్త ఉన్నన్నాళ్లూ, మీ పెద్దాయన బాగున్నాడా అని నన్ను ఏడిపించేది.

పొద్దున చల్లగా ఉన్నంతసేపూ పెద్దాయన బండ మీద ముడుచుకుని కూర్చునే ఉంటాడు. నేల కాగి గాలి పైకి లేస్తేగాని ఆయన లేవడు. నాకు విసుగొచ్చి ఇంటికి పోదామంటే నాయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాడు. ఎండెక్కితే లేస్తాడు, ఉండు అనేవాడు. లేచేవాడు కూడా.

నేను కాపురానికొచ్చిన కొన్నేళ్లకు పెద్దాయనలు తగ్గిపోయారు. ముందు గుంపు పోయి ఒక జంట మిగిలింది. తర్వాత ఒక్కటే ఉండేది, అదీ కనిపించకుండా పోయింది. బీట్లో బర్రె చచ్చి పడితే కుక్కలు తప్ప ఎవరూ రాలేదని నాయన చెప్పాడు. అప్పటికి అవ్వ లేదు, నాయన రిటైరయ్యాడు, మోకాళ్లు పట్టేశాయి. మాత్ర వేసుకుని, కట్టె పట్టుకుని, ఆదివారమని లేదు, ఏ రోజు పడితే ఆ రోజు కొండెక్కేవాడు. దిగి వచ్చాక కొండ కింది ఎస్టీడీ బూతు నుంచి నాకు ఫోన్ చేసేవాడు. ఈ పొద్దు గూడా రాలేదు పాపా, అన్నదే కబురు. నాకు ఏడుపొచ్చేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి ఆయనకు కనిపిస్తే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

రెండువేలు దాటాక ఒక వేసవిలో పొద్దున్నే ఆ బూతు నుంచే ఫోనొచ్చింది. నాయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "గొర్రెలాయప్ప చూసినాడంట పాపా. పైన కోట గోడ కాడ బండ మీద శానా పెద్ద పక్షి కూర్చోనుండాదంట. చూసొచ్చి చెప్తా." నేను పాఠాలు చెప్పే స్కూలుకు సెలవు పెట్టి ఫోను పక్కనే కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు.

మధ్యాహ్నం కాకముందే మళ్లీ మోగింది. ఈసారి మాట్లాడింది బూతు ఆయన. నాయన అలసిపోయి ఆయన చేత కబురు చెప్పిస్తున్నాడనుకున్నాను.

"అమ్మా, పెద్దాయన ఇంక లేవడమ్మా."

"ఎండెక్కితే లేస్తాడప్పా" అన్నాను. "ఇంగొంచేపు చూడమని మా నాయనకు చెప్పు."

అవతల ఆయన ఫోను చెయ్యి మార్చుకున్న చప్పుడు వినిపించింది.

"పోయింది మీ నాయనేమ్మా" అన్నాడు.

పాపం, మా ఇంటి భాష ఆయనకేం తెలుసు. ముసలి మనిషిని మర్యాదగా పెద్దాయన అన్నాడు, అంతే. ఆ రెండు మాటల మధ్య ఉన్న కాస్త సేపట్లో మా నాయన నాకింకా బతికే ఉన్నాడు, బండ మీద కూర్చుని పక్షి కోసం చూస్తున్నాడు.

నాయన చాలాసేపు దుర్భిణి కళ్ల నుంచి తియ్యకుండా చూశాడని, ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయాడని గొర్రెల కాపరి చెప్పాడు. దినాలు కాకముందే నేను అతన్ని పట్టుకుని ఆ పక్షి ఎట్లుండె, తోక ఎట్లుండె అని అడిగాను. "పెద్ద పక్షి తల్లీ. తోక యాడ చూస్తి" అన్నాడు. నాయన చివరికి చూసింది ఎవరినో నాకు ఈనాటికీ తెలియదు. అదే నా బాధ.

తర్వాత ఎప్పుడో పేపర్లో చదివాను. పశువుల నొప్పులకు వాడిన ఇంజెక్షనే, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులను చంపిందట. మందు పేరు డైక్లోఫెనాక్. ఎవరిని తిట్టేది? ఆవుకు నొప్పి తగ్గాలనే కదా ఇచ్చారు. నాయనను కొండెక్కించిన మందే పెద్దాయనను దించేసింది. ఈ సంగతి తెలియకముందే పోవడం ఒకరకంగా మేలే. తెలిసుంటే మాత్ర మానేసేవాడు, ఆ కాళ్లతో ఇంట్లో కూర్చుని కుమిలిపోయేవాడు.

మొన్న మాత్రలు సంచిలో వేసుకుని షాపు బయటికొచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. మటన్ అంగళ్ల పైన ఏదో తిరుగుతోంది. ముందు తోక చూశాను. చీలి ఉంది, ఊరి గద్ద. ఇన్నేళ్లు గడిచిపోయాయని నా మనసు ఎప్పుడో ఒప్పుకుంది గాని, ఎండెక్కే వేళకు పైకి లేచే నా మెడకే ఇంకా తెలియలేదు.