డెబ్బయి అయిదు ఓముల బల్బు

ఆ రోజుల్లో నేను కొత్తగా ఏది నేర్చుకున్నా దాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించకుండా ఉండలేకపోయేవాణ్ణి. నంద్యాలలో ఎలక్ట్రికల్ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్సు, గుణిస్తే వాట్లు. ఈ రెండు లెక్కలు వచ్చిన పాపానికి నేల మీద నడవడం మానేశాను. (అన్నీ ఉన్న విస్తరాకు అణిగిమణిగి ఉంటుందనీ, ఏమీ లేని విస్తరాకు ఎగిరెగిరి పడుతుందనీ మా జేజి, అంటే మా నాయన తల్లి, నన్ను చూసే అనేది. నాకు మాత్రం అది వేరే ఎవరి గురించో అనిపించేది.)

మా చిన్నాయన ఆళ్లగడ్డలో సేద్యం చేసేవాడు. ఆ ఏడే ఆయన ఇంటికి కరెంటు వచ్చింది. ఇల్లంతటికీ ఒకటే అరవై వాట్ల బల్బు, అదీ నడిమింట్లో. ఆ ఒక్కటైనా పెట్టించింది కూతురి కోసమే. ఎస్సెస్సెల్సీ పరీక్ష ఇంక నెల రోజుల్లో ఉంది. పాసైతే టీచరు ట్రైనింగుకు పంపుతాను, తప్పితే పెళ్లి చేసేస్తానని చిన్నాయన తేల్చి చెప్పాడు. పగలు బడి, ఇంటికొస్తే వంట, పశువులు. ఆ పిల్లకు చదువుకోవడానికి దొరికేది దీపాలు పెట్టిన తర్వాతే. లాంతరు ముందు కూర్చుంటే గంటసేపటికే కళ్లవెంట నీళ్లు కారేవి. అందుకని బల్బు. స్విచ్చి వేయగానే ఇంట్లో అందరూ, సంజెదీపానికి మొక్కినట్టే, దానికీ చేతులు జోడించేవాళ్లు.

అట్లాంటి ఇంటికి ఒక ఆదివారం నేను బస్సు దిగి వెళ్లాను. ల్యాబు అటెండరును బతిమాలి తెచ్చుకున్న చిన్న అమ్మీటరు సంచిలో ఉంది. అన్నం తిని చెయ్యి కడుక్కున్నానో లేదో, బల్బు ఊడదీసి, రెండు టార్చి సెల్లులు తగిలించి కొలిచాను. మూడు వోల్టులకు నలభై మిల్లీ ఆంపియర్లు. భాగిస్తే డెబ్బయి అయిదు ఓములు. ఇంటి కరెంటేమో రెండు వందల ముప్పై వోల్టులు. అంటే మూడు ఆంపియర్లు పైచిలుకు. ఆ రెండూ గుణిస్తే ఏడు వందల వాట్లు తేలింది. నా గుండె దడదడలాడింది. (భయంతో కాదు, సంతోషంతో.)

"చిన్నాయనా, ఈ బల్బు మీద అరవై అని రాసింది అబద్ధం. ఏడు వందల వాట్లు తాగుతాంది. కరెంటు ఇస్త్రీపెట్టెకు సమానం."

చిన్నాయన గోడవారగా పేర్చిన పత్తి మూటల వైపు చూశాడు. "అంటుకుంటాదా అబ్బీ?"

"అంటుకున్నా అంటుకోవచ్చు."

పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడిన చెల్లెలు, చిన్నాయన కూతురు, మెల్లగా అడిగింది. "అన్నా, నువ్వు కొల్చేటప్పుడు బల్బు ఎలగలేదు గదా. ఎలిగేటప్పుడు గూడా అంతే ఉంటాదా?"

"తీగ అదే గదా. పూటకొక తీరుగా మారతాదా ఏంది?" అని గద్దించాను.

ఆ పిల్ల తగ్గలేదు. "పదైదు దినాలు, దినానికి నాలుగు గంటలు కాల్చినాము. గోడమీది మీటరు నాలుగు యూనిట్లు గూడా తిరగలేదు. నువ్వు చెప్పినట్టయితే నలభై దాటల్ల."

చిన్నాయనే నన్ను కాపాడాడు. "ఊరుకో పాపా. నంద్యాలలో చదివేటోనికంటే నీకు ఎక్కువ తెల్సునా?" అని బల్బును గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. చెల్లెలు లాంతరు గాజు తుడవడానికి పోయింది.

పది రోజుల తర్వాత మా ల్యాబులో అలాంటి బల్బుకే వోల్టులు కొంచెం కొంచెంగా పెంచుతూ కొలవమన్నారు. పెంచేకొద్దీ నా డెబ్బయి అయిదు నూరయింది, మూడు వందలయింది, బల్బు పూర్తిగా వెలిగేసరికి తొమ్మిది వందల దరిదాపులకు పోయింది. ఆ లెక్కన బల్బు తాగేది అరవై వాట్లే. "తీగ వేడెక్కితే రెసిస్టెన్సు పెరగదటయ్యా" అన్నారు సారు, పక్కవాడికి చెబుతున్నట్టుగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట పది రోజుల కిందట పదహారేళ్ల పిల్ల అడిగింది.

శనివారం మళ్లీ బస్సెక్కాను. దారిపొడుగునా ఒప్పుకోలు వల్లెవేసుకున్నాను: తప్పు నాది, పాప చెప్పిందే నిజం. తీరా చూస్తే చిన్నాయన అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "ఈడేనప్పా మా అన్న కొడుకు. ఈడు రాకుంటే మా ఇల్లు కాలిపోయుండు" అన్నాడు. ఆ నలుగురూ నన్ను చూసిన చూపుకు నా ఒప్పుకోలు గొంతులోనే ఆగిపోయింది. నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. బల్బు తెప్పించి, తువ్వాలుతో తుడిచి, నాలుగు తీగలు అటూ ఇటూ తగిలించి, ముఖం గంభీరంగా పెట్టి, "బాగైంది చిన్నాయనా, ఇంక భయం లేదు" అన్నాను.

గడప దగ్గర నిలబడిన చెల్లెలు, "బాగైందా అన్నా?" అంది. అంతే. నేను తలెత్తలేదు. ఆమె బల్బు తీసుకుని లోపలికి వెళ్లి, ఆ సాయంత్రం నుంచే పుస్తకం ముందేసుకుంది.

పరీక్ష పాసైంది. ట్రైనింగుకు పోయింది, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సైన్సు చెప్పింది. చిన్నాయన మాత్రం ఉన్నన్నాళ్లూ, ఇంటికి ఎవరొచ్చినా, "పాప పాసైందంటే ఈని పుణ్యమే. చెడిపోయిన బల్బును చిటికెలో బాగుచేసినాడు" అని చెబుతూనే ఉండేవాడు. ఆమె పక్కనే ఉండి కూడా ఒక్కసారీ కాదనలేదు. నేనూ కాదనలేదు.

చిన్నాయన పోయిన చాన్నాళ్లకు, ఈ మధ్య చెల్లెలింట్లో కాఫీ తాగుతూ, "అమ్మా, ఆ పొద్దు బల్బు చెడిపోలేదు. నా లెక్కే తప్పు. నీదే రైటు" అన్నాను.

ఆమె నవ్వింది. "నాకు ఆపొద్దే తెల్సుగదన్నా. ఈ మాట నాకు కాదు, నాయనకు చెప్పింటే బాగుండు."

నేనూ నవ్వాను. ఈ వయసులో నాకు అంతకంటే చేతనైంది ఏముంది.