కరెంటుకు కాలువ తీసినాను

నాలుగు దినాలుగా నా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేయడం లేదు. ఎవరితోనో కొట్లాడినాననుకోవద్దండి. పాట విన్నాను, అంతే!

మా అక్క కూతురు ఆదివారం పొద్దున మద్రాసు రేడియోలో పాడుతుందని జాబొచ్చింది. పదిహేను నిమిషాలు. పోతే మళ్ళీ రాదు. రుద్రవరంలో అక్కావాళ్ళింట్లో కరెంటు లేదు. అందుకని అక్కా బావా ఆళ్ళగడ్డకు మా ఇంటికే వస్తామన్నారు. మా రేడియో చూస్తే ఒకటే గుయ్యిమని రొద! మనిషి గొంతు అందులో మునిగిపోతాంది.

నేనా, సేద్యగాణ్ణి. ఆలోచన చేసినా. కాలువ సన్నమైతే చివరి మడికి నీళ్ళు పారతాయా? రేడియోకి కరెంటు తెచ్చే వైరూ అంతే! అంత సన్న వైరులో పాట యాడ పారుతుంది? బస్సెక్కి నంద్యాలకు పోయినా.

"శెట్టీ, నీ షాపులో అన్నిటికంటే లావు వైరు తియ్."

"ఏం మోటారుకప్పా?"

"రేడియోకి."

శెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూసినాడు. "రేడియోతో చెరుకు గానుగేమన్నా ఆడిస్తావా?" అంటూనే ఇచ్చినాడు.

బొటనవేలంత లావు! ఇంటికొచ్చి పాత వైరు పెరికి ఇది బిగించినా. పారకానికి వాలు కావాల గదా! స్విచ్చి ఎట్లాగూ గోడమీద ఎత్తునుంది. రేడియోను గూట్లోంచి దించి పీట మీద పెట్టినా. పాతదాన్ని కట్టినట్లే దీన్నీ, గాలిలోంచి పాట పట్టే ఏరియల్ తీగతో కలిపి అవే మేకులకు కట్టేసినా. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో!

"ఏందీ, రేడియోకి మొలతాడా?" అనింది నా భార్య.

"నీకేం తెలుసు, ఊరుకో!"

ఆదివారం అక్క పట్టుచీర కట్టుకొని రేడియో ముందర కూర్చుంది. స్విచ్చి వేసినా. గుయ్యి!

"రేయ్, లోపల తుమ్మెద దూరిందేమిరా?"

"వేడెక్కనీ అక్కా!"

పిల్ల పేరు చెప్పినారో లేదో, టపటపా మేకులూడినాయి! వైరు ఏరియల్ తీగను విడిచి జారింది. ఆ బరువుకు ప్లగ్గు ఊడొచ్చింది. రేడియో మూగపోయింది.

"అయ్యో నా బిడ్డా!" అని అక్క కేక.

ఒక్క దూకు దూకి, వైరు మొత్తం భుజానేసుకొని, ప్లగ్గు లోపలికి తోసి అదిమి పట్టినా. పాటొచ్చింది. రొద లేదు! పిల్ల ఊపిరి పీల్చేది కూడా వినపడతాంది.

"చూసినావా అక్కా, లావు వైరు మహిమ!" అంటూ కొంచెం కదిలినా. పాట తెగింది.

"కదలొద్దురా పాపిష్టోడా!" కళ్ళు తుడుచుకుంటానే కసిరింది అక్క.

పదిహేను నిమిషాలు చెయ్యెత్తి నిలబడినానప్పా! వేళ్ళు ఉన్నాయో లేవో తెలీలేదు.

పాట అయినాక బావ లేచి, పాత సన్న వైరే తగిలించి, ఏరియల్ తీగకు బారెడు దూరంగా పెట్టినాడు. ఆ తర్వాత రేడియోలో మాట్లాడినాయన గొంతూ అంతే తేట!

"లావూ కాదు, వాలూ కాదు బామ్మర్దీ. కరెంటు వైరుకూ ఏరియల్ తీగకూ పొత్తు కుదిరి రొద పెడతాండాయి. కలిపి కట్టిందెవరు?"

నేను భుజం రుద్దుకున్నా.

ఇప్పుడు ఎవరన్నా వచ్చి, "మీ రేడియోలో పాట అంత బాగా వినపడిందంటనే, ఏం వైరు వేసినారు?" అని అడిగితే చాలు. మా ఇంటామె లోపలికి తిరిగి, "ఇదో, ఆ వైరును చూడాలంట, రా!" అని నన్ను పిలుస్తాంది.