కొండగోగుకి సంబంధం

వెంకటసుబ్బారావు గారికి మేనరికం అంటే ఒళ్లుమంట. కూర చేదొచ్చినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా మూలం అందులోనే వెతుకుతారు. "ఈ కాకరపాదు చూడు, ఎలా గిడసబారిపోయిందో! తరతరాలుగా ఒకే ఇంట్లో పెళ్లిళ్లు చేసినట్టున్నారు," అంటారు. ముప్పైరెండేళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి కాబట్టి జనం సగం నమ్ముతారు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన చేసుకున్నది సాక్షాత్తూ మేనమామ కూతురు రావమ్మని.

పెళ్లి భోజనాల్లో ఆవిడ ప్రాణం మీదికొచ్చేది. పక్కన కూర్చున్న పెద్దావిడ "పిల్లలెంతమందమ్మా?" అని నోరు తెరిస్తే చాలు, ఈయన అవతలి వరసలోంచి అందుకునేవారు. "పిల్లల్లేరండీ, మాది మేనరికం. తప్పు సంబంధానిది. మొక్కజొన్ననే తీసుకోండి..." ఆయన మొక్కజొన్న దగ్గర మొదలెట్టి తాడిచెట్టు దాకా వచ్చేసరికి ఆ పెద్దావిడ పెరుగన్నం వదిలేసి లేచిపోయేది. రావమ్మకి తల కొట్టేసినట్టుండేది.

"కట్టుకున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని సంబంధం తప్పంటావేం బావా?"

"సైన్సు!" అనేవారాయన.

మొన్న ఫిబ్రవరిలో ఆయన కన్ను గుణదల కొండ మీద పడింది. కొండవాలున మెట్ల పక్క, క్రిస్టినా గారనే ఆవిడ పెరట్లో ఓ కొండగోగు చెట్టుంది. ఒంటిమీద ఆకన్నది లేదు. బండరాతిని చీల్చుకుని లేచిన మోడు, కొమ్మ కొమ్మకీ అరచెయ్యంత పసుప్పచ్చని పూలు. రాయి తిని బంగారం పూసిందేమో అనుకుంది రావమ్మ.

"పూయడమే గానీ కాయడం లేదండీ. గొడ్డు చెట్టు," అంది క్రిస్టినా. "ఈస్టరు వెళ్లాక కొట్టించేసి రెండు గదులు వేస్తాం."

ఆ మాటకి, చెట్టు కింద బట్టలారేస్తున్న కోడలు బ్లెస్సీ తల దించుకుని లోపలికెళ్లిపోయింది. పెళ్లయి ఐదేళ్లు, ఇంకా పిల్లల్లేరట.

వెంకటసుబ్బారావు గారు లోపలిగదిలోకి కూడా వినబడేలా గొంతెత్తారు. "గొడ్డు అనకండమ్మా! ఒకప్పుడు ఇక్కణ్ణుంచి కొండపల్లి దాకా తుప్పలూ అడవీ ఉండేవి. ఆ చెట్టు పుప్పొడి తుమ్మెద ఈ చెట్టుకి మోసుకొచ్చేది. మధ్యలో మనం ఇళ్లు కట్టుకున్నాం, ఇది ఒంటరిదైపోయింది. తన పుప్పొడి తనమీదే పడితే ఇది కాయ కట్టదు. తప్పు చెట్టుది కాదు, సంబంధం కుదరకపోవడానిది!"

"అయితే సంబంధం తెండి," అంది క్రిస్టినా. "ఈస్టరులోగా ఒక్క కాయ నిలిస్తే చెట్టు ఉంచుతా."

తిరిగొస్తూ రావమ్మ అడిగింది. "కన్నూ ముక్కూ లేని చెట్టు, పడిన పొడి తనదో పరాయిదో ఎలా కనిపెడుతుంది బావా?"

"పువ్వు లోపల కాపలా ఉంటుందే. గుమ్మంలో అడుగుపెట్టగానే, ఏ ఇంటివాడివని నిలదీస్తుంది."

రావమ్మ బుగ్గన వేలేసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన సైన్సు విని ఆవిడ ఆశ్చర్యపోవడం అదే మొదలు.

ఈ పువ్వు పుప్పొడిని ఊరికే రాల్చదు. తుమ్మెద గట్టిగా పట్టుకుని ఝుమ్మని వణికిస్తేనే సన్నటి కన్నాల్లోంచి వదులుతుంది. తుమ్మెద పని చెయ్యడానికి వెంకటసుబ్బారావు గారు ఆటోనగర్‌లో తన స్కూటరు చూసే మెకానిక్కు కాశిం దగ్గరికెళ్లారు.

"ఝుమ్మనే మోటారు కావాలి కాశిం. వేలెడంత."

"ఏ బండికి సార్?"

"బండికి కాదయ్యా, పెళ్లికి!"

కాశిం ఆయన్ని ఇరవయ్యేళ్లుగా ఎరుగును కాబట్టి ఇంకేమీ అడగలేదు. పాత సెల్‌ఫోన్లోంచి వణికే మోటారు ఊడదీసి వెదురుపుల్లకి కట్టిచ్చాడు.

కొండపల్లి కొండ మీద ఇంకో కొండగోగు చెట్టు వెతికి, మొదటి పువ్వుకి దాన్ని ఆనించగానే పుప్పొడంతా ఎగిరి ఆయన మీసాల్లో పడింది. "పెళ్లికొడుకువి నువ్వే అయ్యావు బావా!" అని రావమ్మ పడీ పడీ నవ్వింది. మిగతా పూల కింద తన కుంకుమభరిణె తనే పట్టింది. బస్సులో కండక్టరు టిక్కెట్టు ఇస్తున్నా గుప్పిట విప్పలేదు. గుణదలలో బ్లెస్సీ నిచ్చెన పట్టుకుంది. పదకొండు పూలకి పొడి అద్ది, ఒక్కోదానికి ఎర్రదారం కట్టి దిగారు.

ఈస్టరుకి వారం ముందు, మట్టలాదివారం నాడు బ్లెస్సీ ఫోను. "అంకుల్, దారం కట్టినవాటిల్లో ఏడు నిలిచాయండీ! నిమ్మకాయంత ఉన్నాయి!"

వెళ్లి చూస్తే, దారంలేని పూలు ఒక్కటి మిగలకుండా రాలిపోయాయి. దారం ఉన్నచోట ఏడు పచ్చటి కాయలు. ఎన్ని ఎండాకాలాలు ఆ బండ మీద నిలబడి, రాని తుమ్మెద కోసం పూసి ఉంటుందో! రావమ్మ తనకి తెలియకుండానే చేతులు జోడించింది.

క్రిస్టినా ఏడు కాయల్నీ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. "అయితే చెట్టులో లోపం లేదన్నమాట."

"ఎప్పుడూ లేదమ్మా," అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"గదులు మేడమీద వేసుకుందాంలే," అందావిడ. వంటింటివైపు కదిలిన కోడల్ని ఆపింది. "నువ్వు కూర్చో బ్లెస్సీ. టీ నేను పెడతా."

మెట్లు దిగుతూ రావమ్మ నెమ్మదిగా అడిగింది. "బావా, నిజం చెప్పు. మేనరికమైతే మనుషులకీ ఇలాగే పిల్లలు పుట్టరా?"

"అబ్బే, ఈ కాపలా చెట్లకే. మన సంగతి ఏ డాక్టరుకీ అంతుపట్టలేదుగా."

"మరి ఇన్నేళ్లూ ఊరందరికీ..."

ఆయన మీసం సవరించుకున్నారు. "పెళ్లయిన నాలుగో ఏడు మా అమ్మ నిన్ను, క్రిస్టినా గారు చెట్టుని అన్న మాటే అనబోయింది. 'తప్పు సంబంధానిదే అమ్మా. తమ్ముడి కూతుర్ని తెచ్చింది నువ్వేగా?' అన్నాను. మళ్లీ నోరెత్తలేదు. ఇక ఊళ్లోవాళ్లు నిన్ను అడిగేలోపు నేనే మొదలెట్టేవాణ్ణి. మొక్కజొన్న దాకా వస్తే ఎవరూ ఆగరు."

రావమ్మ మెట్టు మీద ఆగిపోయింది. కళ్లు చెమర్చబోయాయి గానీ, అంతలోకే ఏదో గుర్తొచ్చింది.

"అందుకా, మా మేనత్త పోయేదాకా నా విస్తట్లో రెండు గరిటెల నెయ్యి ఎక్కువ వేసింది?"

"నాకు మాత్రం చుక్క పడనిచ్చేది కాదు. సంబంధం తప్పన్నానని కోపం!"

రావమ్మ నవ్వాపుకోలేక మెట్టు మీద కూలబడింది. వెంకటసుబ్బారావు గారు కూడా పక్కనే చతికిలబడ్డారు.