అక్క కూర్చోబోయే వైపు బోల్టు

నిన్న గిద్దలూరులో టైరు మార్పించుకుంటుంటే, ఆ దుకాణం మెకానిక్ పొడవాటి రెంచి ఒకటి తీసి నట్లు బిగించాడు. కావలసినంత బిగువు రాగానే అది టక్‌మంటుంది; అనగానే ఆపేసి తర్వాతి దానికి పోతున్నాడు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఊరుకోలేక, "ఇంకొంచెం బిగియ్యి నాయనా, పిల్లోళ్లు ఎక్కే బండి" అన్నాడు. నేను పోయి అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను.

మా బావ దగ్గర అలాంటి రెంచి ఉండేది. బావంటే మా అక్క భర్త. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో మిషన్లు బాగుచేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడేళ్లు కూర్చుని సొంతంగా ఒక కారు కట్టాడు. దర్శి పాత ఇనుము కొట్లో దొరికిన ఇరుసు, ఎవరిదో ఆటో ఇంజను, మా అమ్మ పాత పరుపు చింపి కుట్టిన సీట్లు. దానికి ముందేదో వెనకేదో తెలియక వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ఆ రెంచిని మాత్రం పెట్టెలో బైబిలు పక్కన, గుడ్డ చుట్టి దాచేవాడు. ఏ బోల్టుకు ఎంత బిగువు ఉండాలో పలక ముక్క మీద రాసుకుని, అంతవరకే బిగించి, పక్కన బలపంతో గీత పెట్టేవాడు. నేనేమో పలకల లారీ డ్రైవర్ని. రాడ్డు మీదెక్కి తొక్కి చక్రాలు బిగించడమే నాకు తెలిసిన పద్ధతి. "ఏంది బావా, బంగారం తూచినట్ల ఈ లెక్కలు?" అని ఎగతాళి చేస్తే, ఆయన కోప్పడకుండా "ఎక్కువ బిగిస్తే బోల్టు గూడా సాగుతాది బామ్మర్దీ. సాగిందంటే ఇంక దాన్ని నమ్మేదానికి లేదు" అనేవాడు.

కారు బయటికి తీసే రోజు ప్రార్థన చేయడానికి మా పాస్టరు అయ్యగారు వచ్చారు. అందరూ ముందుగదిలో మోకరించారు. నేను లోపలికి పోలేదు. అక్క కూర్చోబోయే వైపు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు నా కంటికి వదులుగానే కనిపించింది. స్పానరుకు పైపు తొడిగాను. లోపల అయ్యగారు "ఈ ప్రయాణాన్ని కాపాడు ప్రభువా" అంటుండగా, ఒంట్లో బలమంతా పెట్టి ఇంకో ముప్పావు చుట్టు తిప్పాను. మొదట బిర్రుగా ఉన్నది చివర్లో కాస్త మెత్తగా తిరిగింది. బాగా బిగిసిందనే సంతోషపడ్డాను. చెబితే అంతా విప్పి మళ్లీ మొదలుపెడతాడని బావకు చెప్పలేదు.

"ముందు నేనొక్కణ్ణే పోయొస్తా, తర్వాత నువ్వెక్కు" అని అక్కతో చెప్పి బావ పెద్దారవీడు దోవ పట్టాడు. రెండో మలుపులో ఆ చక్రం ఊడి కారు పల్లంలోకి దొర్లింది. మేం చేరేసరికి బావకు ప్రాణం లేదు. విరిగిన బోల్టు ముక్క నాకే దొరికింది. మెడ దగ్గర జీడిపాకంలా సన్నగా సాగి ఉంది. ఎవరికీ చూపకుండా జేబులో వేసుకుని, మర్నాడు నీళ్లు నిండిన పలకల గనిలో పారేశాను.

సరిగ్గా బిగించుకోలేదని ఊరంతా ఒకటే మాట. మా అక్కా అదే నమ్మింది. ఇద్దరికీ తల నెరిసినా, ఇప్పటికీ నాకు అన్నం వడ్డిస్తూ, "పుస్తకాలు చూసి చేసినాడు మీ బావ. నీ మాదిరి గట్టిగా బిగించింటే బతికుండును గదరా" అంటుంది. నేను తలవంచుకుని తింటాను. ఆ రోజే చెప్పి ఉంటే నాది ఒక్క తప్పు. ఇప్పుడు చెబితే, ఆమె ఆయన్ని తప్పుపట్టిన రోజులన్నీ ఆయనకు తిరిగివ్వాలి. అన్ని రోజులు అక్కకు గానీ నాకు గానీ మిగిలి లేవు.