రేవులో ఆగిపోయిన ఆఫీసరు

వశిష్ఠ గోదావరి ఒడ్డున, రాజోలు దగ్గర పుట్టిన సత్యప్రసాద్‌కి చదువుకంటే ముందు ఈతే వచ్చింది. నేవీలో చేరి లెఫ్టినెంట్ కమాండర్ అయ్యాడు.

ఏడెన్ దగ్గర సముద్రపు దొంగలు ఒక సరుకు ఓడను పట్టుకుంటే, చిన్న బోటులో నలుగురు నావికులను తీసుకుని వెళ్ళాడు. ఓడ సిబ్బంది ప్రాణభయంతో నీళ్ళలోకి దూకారు. పైనుంచి తూటాలు. మొదటి తూటా ఆ నలుగురిలో ఒకడైన యాకోబుకి తగిలింది. సఖినేటిపల్లి కుర్రాడు. వెనక్కి తిప్పితే తమ ఓడలో డాక్టరు, ముందుకెళితే మునిగిపోతున్న మనుషులు. సత్యప్రసాద్ ముందుకే వెళ్ళాడు. నీళ్ళలో ఉన్న అందరినీ పైకి లాగాడు. తమ ఓడ చేరేసరికి యాకోబు పోయాడు.

ఢిల్లీలో శౌర్య పతకం ఇచ్చారు. అక్కణ్ణించి తిన్నగా యాకోబు తల్లి వీరాయమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"ఎనక్కి తిప్పుంటే బతికేవోడాండీ?" అని అడిగింది.

"తెలీదమ్మా."

బతికేవాడనే డాక్టరు చెప్పాడు.

"కాఫీ తాగి ఎల్లండి బాబూ," అంది ఆవిడ.

ఆ తర్వాత ఎక్కువకాలం ఉద్యోగం చెయ్యలేకపోయాడు. భార్య శాంతితో రాజోలు వచ్చేశాడు.

మొన్నటి వరదల్లో ఏటి మధ్యనున్న లంక మునిగి, జనం అక్కడే చిక్కుకుపోయారు. ఇంజను పడవ నడిపే శ్యామ్ బాబు, సత్యప్రసాద్ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"తోడుకి మనిషి లేడండి. తవరొస్తే ధైర్యంగా ఉంటదండి."

"ఆయ్, పదండి," అన్నాడు సత్యప్రసాద్.

రేవులో ఒక కాలు పడవలో పెట్టాడు. ఇంజను టపటపమనగానే ఒళ్ళంతా చెమట పట్టింది. కాలు వెనక్కి తీసుకుని బురదలో కూలబడ్డాడు. ఒడ్డున జనమంతా చూస్తున్నారు.

శ్యామ్ బాబు ఒక్కడే వెళ్ళాడు. ఒక చేత్తో ఇంజను, ఒక చేత్తో మనుషులు. ఝాన్సీ అనే బాలింత ముందు బిడ్డను అందించింది. ఆమె చెయ్యి మాత్రం అతనికి అందీ అందక జారిపోయింది. ఆమె ఏట్లో కొట్టుకుపోయింది.

"ఏటి పోటు అలాగుందండి. తవరేం చేత్తారు?" అన్నాడు శ్యామ్ బాబు, రేవుకి తిరిగొచ్చి తడిబట్టలతోనే.

ఇప్పటికీ వీధిలో అందరూ నమస్కారం పెడుతూనే ఉన్నారు. అందుకే అతను వీధిలోకి వెళ్ళడం మానేశాడు.

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు కదండీ," అంది శాంతి, అన్నం వడ్డిస్తూ.

"అనుంటే బాగుండేది," అన్నాడు. కంచంలో చెయ్యి పెట్టలేదు.